ఆన్‌లైను పార్సెలు అదనుకు అందవలెనన్న

వరి పొలములో కాండము తొలుచు పురుగు యొక్క రెక్కలపురుగులు కనబడినవి. మందు చల్లుటకు బదులు ట్రైకోగ్రామా కార్డులు కట్టుదమని మీరు తలచినారు. మంచి ఆలోచనయే. శనివారము సాయంత్రము సెల్‌ఫోనులో ఆర్డరు పెట్టినారు. "4 పనిదినములలో అందును" అని అచ్చట వ్రాసియున్నది. బుధవారమునకు వచ్చునని ఎదురు చూచినారు. పెట్టె మరుసటి శనివారమునకు గాని రాలేదు. విప్పి చూచునప్పటికి కార్డులోని సన్నని కందిరీగలు పుట్టి, సంచిలోనే చచ్చి పడియున్నవి. డబ్బు పోయినది సరే. ఈ లోపల పొలములోని గ్రుడ్లు పొదిగి, పిల్లపురుగు కాండములోనికి దూరినది. ఆ కందిరీగలు పురుగు గ్రుడ్లను మాత్రమే నాశనము చేయగలవు. కనుక అవి బ్రతికి వచ్చినను ఇక చేయగలిగినది లేదు.

ఇందు అమ్మినవాడు అబద్ధమాడలేదు. మోసుకొని వచ్చినవాడు దారిలో పడుకొనలేదు. మీరు లెక్కించిన దినములు వేరు, వారు లెక్కించిన దినములు వేరు. అంతే జరిగినది. ఆన్‌లైనులో చీర కొన్నవారికి మూడు దినములు ఆలస్యమైనచో పెద్ద నష్టము లేదు. రైతు కొను వస్తువుల సంగతి అట్లు కాదు. విత్తనము, జీవన ఎరువు, లింగాకర్షక బుట్టలలోని ఎర, స్ప్రేయరు విడిభాగము — వీటన్నిటికి అదను కలదు. అదను తప్పిన పిదప వచ్చిన వస్తువు రానిదానితో సమానము. అందుచేత పార్సెలు నడక ఎట్టిదో, దాని జాడ ఎట్లు తీయవలెనో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

దినములు ఎప్పటి నుండి లెక్కింపవలెను?

మీరు డబ్బు చెల్లించిన క్షణము నుండి మీ చేతికి పెట్టె వచ్చువరకు గల కాలము మూడు భాగములు. మొదటిది అమ్మువాడు వస్తువును తీసి, కట్టి, కొరియరువానికో తపాలా కార్యాలయమునకో అప్పగించువరకు పట్టు కాలము. రెండవది ఊరి నుండి ఊరికి నడచు కాలము. మూడవది మీ దగ్గరి పట్టణము నుండి మీ గడప వరకు పట్టు కాలము. చాలామంది అమ్మకందారులు చెప్పు "4 దినములు" నడుమ భాగమునకు సంబంధించినవి మాత్రమే. పైగా అవి పనిదినములు. ఆదివారములు, సెలవు దినములు లెక్కలోనికి రావు.

పై ఉదాహరణనే తీసికొనుడు. శనివారము సాయంత్రము ఆర్డరు. ఆదివారము సెలవు. సోమవారము అమ్మువాడు ఆర్డరు చూచుకొనినాడు. మంగళవారము పెట్టె కట్టి కొరియరువానికి ఇచ్చినాడు. అక్కడి నుండి నాలుగు పనిదినములు — బుధ, గురు, శుక్ర, శని. మీ లెక్కకు 7 దినములైనవి. వాని లెక్కకు 4 దినములే. నడుమ శుక్రవారము పండుగ వచ్చియుండిన పెట్టె సోమవారమునకు జరిగి 9 దినములై యుండును. ఇది మోసము కాదు గాని, తెలిసినవాడు చెప్పక ఊరకుండుట మాత్రము నిజము.

కార్డు సంగతి కూడ ఇక్కడనే చూడుడు. ట్రైకోగ్రామా కార్డు అనగా కార్సైరా అను బియ్యపు పురుగు గ్రుడ్లను అంటించిన అట్టముక్క. ఒక్కొక్క కార్డుపై సుమారు 20 వేల గ్రుడ్లుండును. వాటిలో పరాన్నజీవి గ్రుడ్డు పెట్టిన నాలుగవ దినమునకు అవి నల్లబడును. ఏడెనిమిది దినములకు కందిరీగలు బయటికి వచ్చును. ఎండకాలములో ఇంకను ముందే రావచ్చును. అమ్మువాడు మూడు దినముల వయసు గల కార్డును మంగళవారము పంపినచో శనివారమునకు దాని వయసు ఏడు దినములు. ఇక అది సంచిలో పుట్టక పొలములో ఎట్లు పుట్టును?

కాబట్టి లెక్క వెనుక నుండి వేయవలెను. వస్తువు పొలములో ఏ దినమున ఉండవలెనో కాగితముపై వ్రాసికొనుడు. అందులో నుండి నడక దినములు, ఆదివారములు, సెలవులు, అమ్మువాడు కట్టుటకు పట్టు దినములు, పల్లెలకు అదనముగ ఒకటి రెండు దినములు తీసివేయుడు. వచ్చిన తేదీ ఆర్డరు పెట్టవలసిన కడపటి తేదీ. మృగశిర కార్తెలో విత్తవలసిన విత్తనమునకు రోహిణి కార్తె మొదటనే ఆర్డరు పోవలెను. ఆ తేదీ ఇప్పటికే దాటిపోయినచో ఆన్‌లైను మాట మరచి, దగ్గరి దుకాణమునకు పోవుట మేలు. రబీ విషయములో ఇంకొక చిక్కు కలదు. దసరా, దీపావళి తగ్గింపు ధరల అమ్మకములకు పట్టణములలోని పార్సెలు గోదాములు నిండిపోవును. మీ సెనగ విత్తనమునకు కావలసిన రైజోబియం పొట్లము ఆ గుట్టలో ఎవరి టెలివిజను క్రిందనో పడియుండును. ఆ కాలములో రెండు మూడు దినములు అదనముగ వేసికొనుడు.

వేగము కొన్నచో ఏమి కొన్నట్లు?

ఆర్డరు పెట్టునప్పుడు "స్టాండర్డు", "ఎక్స్‌ప్రెస్" అని రెండు రకములు చూపుదురు. రెండవదానికి రుసుము ఎక్కువ. ఆ రుసుముతో మీరు కొనునది నడుమ భాగములోని వేగము మాత్రమే. అమ్మువాడు పెట్టె కట్టక రెండు దినములు ఊరకున్నచో ఎక్స్‌ప్రెస్ అతనిని తొందరపెట్టదు. మీ ఊరికి కొరియరు బండి దినము విడిచి దినము వచ్చుచున్నచో ఎక్స్‌ప్రెస్ దానిని ప్రతిదినము నడపదు. ఢిల్లీ నుండి హైదరాబాదునకు విమానములో ఒక్క దినములో వచ్చిన పెట్టె, హైదరాబాదు నుండి మీ ఊరికి మూడు దినములు నడచుట అరుదు కాదు. ఇంకొక సంగతి: స్ప్రేయర్లలోని లిథియం బ్యాటరీలకు, మండు స్వభావము గల ద్రవములకు విమానములో నిబంధనలు కఠినము. అవి చాలవరకు రోడ్డు మార్గముననే వచ్చును. వాటికి వేగపు రుసుము చెల్లించుటకు ముందు, విమానములో పంపుదురా లేదా అని అమ్మువానిని అడుగుడు.

పార్సెలు తిన్నగ రాదని కూడ గుర్తుంచుకొనవలెను. నలుబది కిలోమీటర్ల దూరములోని పట్టణము నుండి బయలుదేరిన పెట్టె, మీ ఊరి మీదుగనే విజయవాడకో హైదరాబాదునకో పోయి, అచ్చట వేరుపడి, తిరిగి వచ్చును. కాలువ నీటి వలె పెద్ద కాలువ నుండి మేజరునకు, మేజరు నుండి మైనరునకు, అక్కడి నుండి పిల్ల కాలువకు — ఇదియే క్రమము. పక్క పొలము నుండి గండి కొట్టుకొను వీలు ఇక్కడ లేదు. మన పల్లెలు ఈ కాలువకు చివరి భూములు. చివరి భూముల కష్టము రైతుకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

అయితే ప్రాణముగల సరకునకు ఒక అడ్డదారి కలదు. ట్రైకోగ్రామా కార్డులు, జీవన ఎరువుల వంటివి సొంత రాష్ట్రములోనే తయారగుచున్నవి. కృషి విజ్ఞాన కేంద్రములో గాని వ్యవసాయ శాఖ జీవ నియంత్రణ ప్రయోగశాలలో గాని ముందుగ విచారింపుడు. అమ్మువాడు బస్సు మార్గములో నున్నచో ఆర్టీసీ పార్సెలు ద్వారా పంపుమనుడు. రెండు రాష్ట్రముల ఆర్టీసీలకును పార్సెలు సర్వీసు కలదు. రాత్రి వేసిన పెట్టెను మరునాడు బస్‌స్టాండులో మీరే పోయి తీసికొనవచ్చును. గడప వరకు రాకపోయినను, మూడవ భాగము మీ చేతిలో నుండును.

ట్రాకింగు నంబరులోని మర్మము

అమ్మువాడు పెట్టెను అప్పగించగనే ఒక నంబరు పంపును. ఇది ఆర్డరు నంబరు కాదు. ఆర్డరు నంబరు దుకాణమునకు చెందినది. ట్రాకింగు నంబరు మోయువానికి చెందినది. ఒకదానిని రెండవచోట కొట్టి "ఏమియు కనబడుట లేదు" అని దిగులుపడువారు కలరు. ప్రైవేటు కొరియర్ల నంబర్లు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరుగ నుండును. స్పీడుపోస్టు నంబరునకు మాత్రము ప్రపంచమంతట ఒకే కట్టడి కలదు. దానిని విశ్వ తపాలా సమితి నిర్ణయించినది. మొత్తము 13 స్థానములు: ముందు రెండు ఇంగ్లీషు అక్షరములు, నడుమ తొమ్మిది అంకెలు, చివర దేశమును తెలుపు రెండు అక్షరములు. స్పీడుపోస్టునకు మొదటి అక్షరము "ఈ", మన దేశమునకు చివరి అక్షరములు "ఐ.ఎన్." 1986 ఆగస్టు 1న ప్రారంభమైన ఈ స్పీడుపోస్టులోనే 2025లో దేశములోపలి రిజిస్టరు తపాలాను కూడ కలిపివేసినారు.

తొమ్మిది అంకెలలో చివరిది వట్టి అంకె కాదు. ముందున్న ఎనిమిదింటిని సరిచూచు కావలి అంకె. లెక్క తెలిసిన గ్రామాధికారులు కాగితముపై చేసి చూడవచ్చును. ఎనిమిది అంకెలను వరుసగ 8, 6, 4, 2, 3, 5, 9, 7 చేత హెచ్చవేసి మొత్తము కట్టుడు. మొత్తమును 11 చేత భాగించి, శేషమును 11లో నుండి తీసివేయుడు. వచ్చినదే తొమ్మిదవ అంకె. ఫలితము 10 అయినచో 0 అనియు, 11 అయినచో 5 అనియు వ్రాయవలెను. మచ్చునకు 102030405 అను సంఖ్యను చూడుడు. మొదటి ఎనిమిది అంకెలు 1, 0, 2, 0, 3, 0, 4, 0. హెచ్చవేయగ 8, 0, 8, 0, 9, 0, 36, 0, మొత్తము 61. 11 చేత భాగింప శేషము 6. 11లో 6 పోగ 5. తొమ్మిదవ అంకె 5, సరిపోయినది. మీ నంబరునకు ఈ లెక్క కుదరనిచో ఎక్కడనో ఒక అంకె తప్పు వ్రాసికొన్నారన్నమాట. తపాలాలో పోయినదని కంగారుపడుటకు ముందు రసీదు తిరిగి చూడుడు. లెక్క కుదిరినంత మాత్రమున పార్సెలు నిజముగ ఉన్నదని కాదు. దొంగకు కూడ లెక్క రావచ్చును.

జాడలోని మాటలకు అర్థము

ట్రాకింగు చూచినప్పుడు ఎవరో పెట్టె వెంట నడచుచు చెప్పుచున్నట్లు అనిపించును. అట్లు కాదు. పెట్టె చేయి మారినప్పుడెల్ల దానిపై గీతల చీటిని యంత్రముతో చదువుదురు. ఆ క్షణమున పడిన గుర్తే మీకు కనబడును. రెండు గుర్తుల నడుమ అది ఎక్కడ నున్నదో ఎవరికిని తెలియదు. చిన్న పెట్టెలను సంచిలో వేసి మూట కట్టిన తరువాత మార్గములో సంచిని మాత్రమే చదువుదురు. "బ్యాగ్డ్" అని పడిన పిదప రెండు దినములు కబురు లేకున్నచో భయపడనక్కరలేదు. సంచి విప్పినప్పుడు తిరిగి పలుకును.

అన్నిటికంటె ఎక్కువగ పొరపాటు పడు మాట "లేబిల్ క్రియేటెడ్". చిరునామా చీటి అచ్చుపడినదని మాత్రమే దీని అర్థము. పెట్టె ఇంకను దుకాణములోనే కలదు. పంపినట్లు కనబడవలెనని కొందరు అమ్మకందారులు మొదటి దినముననే చీటి తీసి, సరకును మూడు దినములకు అప్పగింతురు. "పిక్డ్ అప్" అని గాని "బుక్డ్" అని గాని పడిన తేదీ నుండియే నడక లెక్క మొదలగును. చీటి పడిన రెండు పనిదినములకు ఆ మాట రానిచో కొరియరువానిని తిట్టి ప్రయోజనము లేదు. అమ్మువానికి ఫోను చేయుడు. అదను మించిపోవుచున్నచో ఆర్డరు రద్దు చేయుటకు అదియే సులభమైన సమయము.

"ఔట్ ఫర్ డెలివరీ" అనగా ఆ ఉదయము పెట్టెను పంచువాని చేతికిచ్చినారు. ఆ దినమున ఫోను మ్రోగిన తీయవలెను. మనము పొలములో నుందుము, ఫోను గట్టు మీది చొక్కాలో నుండును. అతడు రెండు మార్లు చేసి, "తలుపు తాళము వేసియున్నది" అనియో "చిరునామా చాలదు" అనియో వ్రాసి వెనుకకు పోవును. అట్టి గుర్తు పడిన దినముననే మాటలాడవలెను. కొద్ది దినములుంచి పెట్టెను అమ్మువానికే త్రిప్పి పంపుదురు. అప్పుడు "ఆర్.టి.ఓ." అని కనబడును. బండి రిజిస్ట్రేషను ఆఫీసు కాదది. పెట్టె వచ్చిన దారిని పట్టినదని అర్థము. ఒకసారి వెనుకకు తిరిగిన పెట్టెను నడుమ దారిలో ఆపుట బహు కష్టము.

వాన, వరద కాలములో జాడ ఒకేచోట నిలిచిపోవుట సహజము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట కోసుకొనిపోయి, కాజీపేట–విజయవాడ మార్గమున రాకపోకలు నిలిచినవి. అట్టి సమయములో పార్సెలు నంబరు కంటె వార్తాపత్రికయే ఎక్కువ చెప్పును.

చిరునామా

పల్లె పార్సెళ్ళు ఆలస్యమగుటకు పెద్ద కారణము చిరునామాయే. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్‌కోడే ఈనాటికిని పెట్టెకు దారి చూపునది. మొదటి మూడంకెలు వేరుచేయు జిల్లాను, చివరి మూడంకెలు పంచు తపాలా కార్యాలయమును తెలుపును. తెలంగాణకు 50తోను, ఆంధ్రప్రదేశ్‌కు 51, 52, 53లతోను మొదలగును. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినను ఊళ్ళ పిన్‌కోడులు అట్లే ఉన్నవి. అందుచేత పిన్ కొట్టగనే ఫోనులో పాత జిల్లా పేరు వచ్చిన కలవరపడవలదు. పిన్ సరిగా నున్న చాలును. ఒకే పిన్ క్రింద పది ఊళ్ళుండును. మన రామాపురములు, కొత్తపల్లెలు ఎన్నియో మీకు తెలియును. ఊరు, మండలము, బ్రాంచి పోస్టాఫీసు పేరు, పగలు పలుకు ఫోను నంబరు తప్పక వ్రాయుడు. "రామాలయము ఎదుట" అని చేర్చినచో ఇంకను మంచిది. మీ పిన్‌కోడునకు తాము రామని కొరియరు కంపెనీ చెప్పినచో స్పీడుపోస్టులో పంపుమని అడుగుడు. దేశములో లక్షా అరువది వేలకు పైగా నున్న పోస్టాఫీసులలో పదింట తొమ్మిది పల్లెలలోనే కలవు.

దొంగ కబుర్లు

"మీ పార్సెలు గోదాములో ఆగిపోయినది. చిరునామా సరిగా లేదు. 24 గంటలలో ఈ లింకు నొక్కి సరిచేయుడు" అని తపాలా శాఖ పేరుతో సెల్‌ఫోన్లకు కబుర్లు వచ్చుచున్నవి. లింకు నొక్కినచో చిన్న రుసుము అడిగి, దాని వెంట బ్యాంకు కార్డు వివరములన్నియు రాబట్టుదురు. పార్సెలు కొరకు నిజముగ ఎదురుచూచువాడే ఇందులో పడును. అదియే దీని బలము. లింకును నొక్కవద్దు. ట్రాకింగు నంబరును మీరే తపాలా శాఖ వారి పుటలో కొట్టి చూడుడు, లేదా 1800 266 6868 నంబరునకు ఫోను చేయుడు. ఇప్పటికే డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలెను. తొందరగ చెప్పినకొలది డబ్బును నిలుపుటకు అవకాశమెక్కువ. ఓటీపీని పెట్టె చేతికి వచ్చి, పేరు, బరువు చూచిన తరువాత ఎదుట నిలిచిన మనిషికే చెప్పవలెను. ఫోనులో అడిగినవానికి చెప్పరాదు. వెనుకటి వి.పి. పార్సెలు వలె డబ్బిచ్చి తీసికొను పెట్టె, ఇంటిలో ఎవరును తెప్పించనిది వచ్చినచో "మాది కాదు" అని త్రిప్పి పంపుడు. పెద్దవారొక్కరే ఇంట నున్నప్పుడు ఇట్టివి వచ్చుట చూచుచున్నాము. వారికి ముందే చెప్పియుంచుడు.

పెట్టె అందిన తరువాత

విప్పునప్పుడు మొదటి నుండి చివర వరకు ఫోనులో వీడియో తీయుడు. విత్తనమైనచో లాటు నంబరు గల చీటిని, బిల్లును పంట ఇంటికి వచ్చువరకు దాచుడు. జీవన ఎరువు పొట్లమును ఎండ తగలని చల్లని చోట నుంచుడు. ట్రైకోగ్రామా కార్డును వెంటనే కట్టుటకు వీలు కానిచో ఫ్రిజ్‌లో కొద్ది దినములు మాత్రమే ఉంచవచ్చును. మంచుగడ్డ కట్టు అరలో పెట్టరాదు. పురుగు మందులు ఆన్‌లైనులో అమ్మువారికి కూడ లైసెన్సు ఉండవలెను. ఆ వివరములు చూపనివారి వద్ద కొనవద్దు.

ఆలస్యము వలన సరకు పాడైనచో అమ్మినవానికి, అతడు పలుకనిచో ఆన్‌లైను సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్సు నిబంధనల ప్రకారము ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, ఒక నెలలోపల పరిష్కరింపవలెను. అప్పటికిని కానిచో జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 కలదు. 2019 చట్టము ప్రకారము వినియోగదారుల కమిషనులో కేసు వేయుటకు అమ్మువాని ఊరికి పోనక్కరలేదు. మీరు నివసించు జిల్లాలోనే వేయవచ్చును. ఫిర్యాదులో ఆర్డరు నంబరు, ట్రాకింగు నంబరు, అమ్మువాడు చెప్పిన గడువు, పెట్టె అతని చేయి దాటిన తేదీ, మీ చేతికి వచ్చిన తేదీ వ్రాయవలెను. గడువు వ్రాసియున్న పుటను ఆర్డరు పెట్టిన దినముననే ఫోనులో ఫోటో తీసి ఉంచుకొనుడు. తరువాత అది మారిపోవచ్చును. కార్డులైనచో తయారైన తేదీ గల చీటి ఫోటోను కూడ జతచేయుడు.